నీళ్లలో తూచిన నీలం

రాయిని గూట్లోంచి ఊడదీయగానే నాకు తుమ్ములు మొదలైనాయి. రాయి కింద చెమట, మట్టి, వెండి నలుపు కలిసి ముద్దగా పేరుకొని ఉంది. సూదిమొనతో గీకి కాగితం మీద దులిపితే అందులో ఎర్రటి పొడి. మిరప ఘాటు. ఉంగరం తెచ్చినాయన సిగ్గుపడ్డాడు. "కాయలు కోసేటప్పుడు తీసిపెట్టమని మా ఆడమనిషి చెప్తానే ఉండె అన్నా. తీస్తే యాడ గుణం పోతుందోనని నేనే తీయలేదు" అన్నాడు.

నాది కోసిగిలో చిన్న కొట్టు. ఆదోనికీ మంత్రాలయం రోడ్డుకూ మధ్య రైలు ఆగే ఊరు మాది. మా తాత, నాయన, నేను, మూడు తరాలుగా కుంపటి ముందు కూర్చున్నవాళ్లం. ఊర్లో పెళ్లిళ్లకు చేతినిండా పని ఉంటుంది. సంక్రాంతి దాటినాక సగం ఊరు సుగ్గికి పోతుంది, అప్పుడు నాకూ పని ఉండదు. సుగ్గి అంటే మా వైపు వలస. వానలు ముఖం చాటేస్తే ఇంటికి తాళం వేసి, పిల్లాపాపల్ని, సద్దమూటల్ని ఎత్తుకొని గుంటూరు దిక్కు మిరపకాయలు కోయడానికి పోతారు. ఉగాదికి తిరిగొస్తారు. ఈయనా అట్లా తిరిగొచ్చిన మనిషే. నాలుగెకరాల మెట్టచేను ఉంది, అందులో పత్తి పెడతాడు, అది పండనప్పుడు సుగ్గికి పోతాడు. ఇది 2025 ఉగాది వారం మాట. ఉగాదికి ముందురోజే, మార్చి 29న, శని కుంభం వదిలి మీనంలోకి పోయినాడని పంచాంగంలో విన్నాడు. కుంభరాశి మనిషికి ఏలినాటి శనిలో కడపటి రెండున్నరేండ్లు మొదలైనట్టు. ఉంగరం పన్ను ఒకటి వంగి రాయి కదులుతా ఉంటే, ఇప్పుడు రాయి పడిపోతే ఇంకేమైనా ఉందా అని పరుగున వచ్చినాడు.

రెండేండ్ల కిందట దాన్ని ఒక పెద్ద ఊర్లో కొన్నాడు. ముప్పై ఐదు వేలు. ఇంటిల్లిపాదీ ఒక సుగ్గి కోసిన కూలిలో సగానికి పైగా దానికే పోయింది. నీలం అని చెప్పి ఇచ్చినారు. మూడు రాత్రులు దిండు కింద పెట్టుకొని పడుకోమన్నారు, చెడ్డకలలు రాకుంటే నాలుగో దినం, శనివారం, కుడిచేతి నడిమేలుకు పెట్టుకోమన్నారు. ఆయన అట్లే చేసినాడు. కలలు రాలేదు. "పొద్దంతా రాళ్లు ఏరి పండుకుంటే కలలు యాడ వస్తాయన్నా" అని ఆయనే నవ్వినాడు.

రాయిని కడిగి కిటికీ వెలుతురులో పట్టుకున్నాను. మంచి రంగు, కాదనను. జొన్నచేను అంచున పూసే శంఖుపూవు రంగు. కొంచెం తిప్పినాను. నీలం పోయి ఊదా వచ్చింది. ఇంకో పక్కకు తిప్పితే ఊదాలో కొంచెం ఎర్రజీర. నీలంలోనూ రెండు ఛాయలు కనపడతాయి, నాకు తెలుసు, కానీ ఇంత ఎచ్చుతగ్గులు ఉండవు. కొట్లో ఒక పాత గుండుబల్బు ఉంచుకున్నాను, బంగారు రంగు చూడటానికి. దాని పచ్చటి వెలుతురు కింద పెడితే రాయి ఇంకా ఊదాగా మారింది. భూతద్దం తీసి చూస్తే పలకల అంచులు అరిగి ఉన్నాయి. అక్కడే నా మనసు కీడు శంకించింది. నీలం కురువిందం జాతి రాయి. గట్టితనంలో వజ్రం పది అయితే అది తొమ్మిది. మట్టిలో చేయి పెట్టినంత మాత్రాన రెండేండ్లకు దాని అంచులు అరగవు. మన మట్టిలో ఉండే ఇసుకరేణువు గట్టితనం ఏడు. ఏడు కంటే మెత్తని రాయి అయితేనే ఆ రేణువులకు లొంగుతుంది.

ఇక తూకం. ఇది నాయన నాకు చెప్పిన పద్ధతి కాదు. నాయన చెప్పింది పాల పరీక్ష. అసలైన నీలాన్ని దాని ఎత్తుకు నూరింతల పాలలో వేస్తే పాలన్నీ నీలమౌతాయని గరుడపురాణంలో ఉంది. చిన్నప్పుడు నేను ఒక నీలపురాయి దొంగతనంగా తీసి చెంబెడు పాలలో వేసి పొద్దుగూకేదాకా కూర్చున్నాను. పాలు పాలలాగే ఉన్నాయి. అమ్మ చేతిలో దెబ్బలు పడినాయి. నాయన మాత్రం, "అది మహానీలానికిరా, మన అంగడికొచ్చే నీలానికి కాదు" అని పురాణాన్నీ రాయినీ ఇద్దర్నీ కాపాడినాడు.

నేను చేసేది వేరు. కాటా మీద గాజుగ్లాసులో సగం నీళ్లు పెట్టి అంకెను సున్నాకు తెస్తాను. రాయిని సన్నని దారంతో కట్టి, గ్లాసు అడుగుకూ అంచుకూ తగలకుండా నీళ్లలో వేలాడదీస్తాను. గాలిబుడగ ఒక్కటి అంటుకొని ఉన్నా లెక్క తప్పుతుంది, కుంచె వెంట్రుకతో దాన్ని తోసేయాలి. కాటా అప్పుడు చూపించేది రాయి పక్కకు నెట్టిన నీళ్ల బరువు. ఈ రాయి పొడిగా 4.02 క్యారెట్లు తూగింది. నీళ్లలో వేలాడదీస్తే కాటా 1.20 చూపించింది. భాగిస్తే 3.35. నీలానికి నాలుగు రావాలి. అంటే కాటా మీద ఒక్క క్యారెట్టు దగ్గర ఆగిపోవాలి. నీలానికి బదులుగా జైపూర్ వాళ్లు అమ్మే కాకనీలి, అదే ఐయోలైట్, అయ్యుంటే ఒకటిన్నర దాకా పోయేది. మూడుసార్లు తూచినాను. మూడుసార్లూ అదే అంకె.

హైదరాబాదులో రాళ్ల పరీక్ష నేర్చుకున్న మా బంధువుల పిల్లవాడు ఉన్నాడు. ఉంగరం ఆసామిని అడిగే వాడికి రాయి పంపించినాను. పది దినాలకు కార్డు వచ్చింది. జోయిసైట్, దాంట్లో టాంజానైట్ రకం. సహజమైన రాయే, గాజు కాదు. వక్రీభవన సూచిక 1.69. నీలానికి 1.76 పైన ఉంటుంది.

టాంజానైట్ గురించి అంతకుముందు పేరు విన్నాను గానీ చదివింది లేదు. చదివినకొద్దీ ఆ రాయి మీద జాలి లాంటిది కలిగింది. భూమ్మీద అది దొరికేది ఒకే ఒక్క చోట. తూర్పు ఆఫ్రికాలో కిలిమంజారో కొండకు దగ్గర మెరెలాని అనే గుట్టలు, ఏడు కిలోమీటర్ల పొడవు, రెండు కిలోమీటర్ల వెడల్పు. అంతే. మా కోసిగి నుంచి ఇంకో ఊరికి నడిచిపోయేంత దూరం. దాదాపు 58 కోట్ల ఏండ్ల కిందట భూమి లోపల రాళ్లు ఒత్తుకొని ఉడికినప్పుడు పుట్టింది. (కోట్ల లెక్క విని పెద్దది అనుకోవద్దు. కోసిగి చుట్టూ ఉన్న గుట్టల గుండ్లు 250 కోట్ల ఏండ్లవి. వాటి ముందు అది పసిగుడ్డు.) దాంట్లో ఉన్నది కాల్షియం, అల్యూమినియం, సిలికాన్. అవే మా రేగడిలోనూ ఉన్నాయి, సున్నపు కంకర మడకకు తగిలి ఎంతమంది తిట్టుకోలేదు! నీలం ఇంకా సులువైన రాయి, ఉత్త అల్యూమినియం ఆక్సైడు, ఇనుమూ టైటానియమూ రవ్వంత కలిసి రంగు తెస్తాయి. టాంజానైట్‌కు రంగు తెచ్చేది వెనేడియం.

1967లో దాని మీద హక్కు రాయించుకున్న మనిషి మనవాడే. మానుయేల్ డి సౌజా, గోవా నుంచి పోయి అరూషా పట్నంలో బట్టలు కుట్టుకుంటా, తీరిక దొరికితే రాళ్లు వెతికేవాడు. రాయి చేతిలోకి రాగానే ఆయనా నీలమే అనుకున్నాడని చెబుతారు. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, ఆ తర్వాత ఆలోచన వచ్చింది. ఆయన నీలం అనుకోవడం పొరపాటు. తెలిసి నీలమని అమ్మడం వేరే. ఒకే మాట, ఒకరి నోట్లో తప్పు, ఇంకొకరి నోట్లో పాపం. మరుసటేడు అమెరికాలో టిఫానీ కంపెనీ వాళ్లు దానికి అది పుట్టిన టాంజానియా దేశం పేరు పెట్టి అంగట్లోకి తెచ్చినారు. వాళ్లు దాన్ని నీలం అనలేదు, దాని పేరుతోనే అమ్మినారు. ఇప్పుడు ఆ ముడిరాళ్లలో ఎక్కువ భాగం సానపట్టించుకునేది మన జైపూర్‌లోనే.

1967కు ముందు ఆ రాయి ఎవరి వేలికీ లేదు. మన ఏ శాస్త్రంలోనూ దాని పేరు ఉండే అవకాశమే లేదు. మరి దాన్ని శని రాయి అని పెట్టుకున్న మనిషికి ఏం ఫలం? ఈ ప్రశ్న నా తలలో దూరి రెండు వారాలు నన్ను నిద్రపోనియ్యలేదు. రాయి గుణం రాయిలో ఉందా, రంగులో ఉందా, పేరులో ఉందా, పెట్టుకున్నవాడి మనసులో ఉందా?

రంగులో ఉందంటే చిక్కు. శనిగ్రహాన్ని దుర్భిణిలో చూస్తే లేతపసుపుగా ఉంటుంది, నీలంగా ఉండదు. శనికి నీలిరంగు పురాణం ఇచ్చింది, ఆకాశం ఇవ్వలేదు. మనసులో ఉందంటే ఇంకో చిక్కు, అప్పుడు ముప్పై ఐదు వేలు ఎందుకు, గులకరాయి చాలు.

రాయిలోనే ఉందనే వాళ్లు గరుడపురాణం కథ చెబుతారు. బలుడనే అసురుడు. ఇంద్రుడు కూడా గెలవలేకపోయినాడు. దేవతలు పోయి, మా యజ్ఞానికి పశువుగా ఉంటావా అని యాచించినారు. ఉంటానన్నాడు. మోసమని తెలిసినా మాట తప్పలేదు. ఆయన ఒళ్లు ముక్కలై ఎగిరిపడితే ఎముకలు వజ్రాలైనాయి, నెత్తురు కెంపులైంది, పండ్లు ముత్యాలైనాయి, కండ్లు సింహళంలో పడి ఇంద్రనీలాలైనాయి. సింహళం నిజంగానే నీలాలకు పుట్టిల్లు, రత్నపుర అనే ఊరే ఉంది అక్కడ. ఈ కథ నేను నాయన దగ్గర యాభై సార్లు విన్నాను గానీ, ఈ ఉంగరం వచ్చినాకనే ఒక సంగతి తట్టింది. అన్ని రత్నాలూ పుట్టింది ఒకడు ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం వల్ల. అమ్మేటప్పుడు ఆ సంగతి ఒక్కరికీ గుర్తుండదు.

మంత్రాలయం మఠం పాఠశాలలో తర్కం చదువుకున్న ఒక పెద్దాయన వెండి పంచపాత్రకు అతుకు వేయించుకోవడానికి వచ్చినాడు. నా కొట్టుకు ఏడాదికి రెండుసార్లు వస్తాడు. ఆయన్ని కూర్చోబెట్టి టీ తెప్పించి అడిగినాను, "సామీ, మీ తర్కంలో రాయి అంటే ఏంది?"

"పృథివి. మట్టీ, రాయీ రెండూ పృథివే" అన్నాడు. "నీ బంగారం మాత్రం కాదు."

"మరి బంగారం?"

"తేజస్సు. నిప్పు."

నేను పనిచేస్తున్న సుత్తి పక్కన పెట్టేసినాను. మన తెలుగువాడు అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహంలో బంగారం గనిలో పుట్టే తేజస్సు అని ఉందట. ఎంత కాల్చినా కరిగి ద్రవంగా ఉంటుందే తప్ప మాడి నాశనం కాదు కాబట్టి అది మట్టి కాదు, నిప్పు. నలభై ఏండ్లుగా నేను సుత్తితో కొట్టి, రేకు తీసి, తీగలాగి, తూకం వేసి అమ్ముతున్నది నిప్పని నాకు ఎవరూ చెప్పలేదు. ఇంటికి పోయి మా ఆమెకు చెబితే "అందుకే చేతిలో నిలవదు" అనింది.

పెద్దాయనకు అప్పుడే టాంజానైట్ సంగతి కూడా చెప్పినాను. ఆ రాయి భూమిలోంచి వచ్చేటప్పుడు చాలావరకు గోధుమరంగులో, బురదరంగులో ఉంటుంది. దాన్ని 500, 600 డిగ్రీల దాకా మెల్లగా కాల్చుతారు. పసుపూ గోధుమా పోయి నీలం నిలబడుతుంది. మసాయి పశులకాపర్ల కథ కూడా ఒకటి ఉంది, పిడుగు పడి గడ్డి అంటుకొని నేలమీది రాళ్లు నీలమైనాయని. వెండి కరగడానికి 962 డిగ్రీలు కావాలి. నా కుంపటిలో రోజూ అంత వేడి చేస్తాను. అందులో సగం పైచిలుకు వేడికే ఆ రాయి రంగు మారుతుంది. ఇప్పుడు సందేహం ఏందంటే, గోధుమరంగు రాయీ, నీలంరంగు రాయీ ఒకటేనా?

ఆయన ముఖం వెలిగిపోయింది. తర్కం చదివినవాళ్లకు ఎవరైనా ప్రశ్న అడిగితే పండగ. "ఇది కుండ గొడవ. రెండు వేల ఏండ్ల గొడవ" అన్నాడు. పచ్చికుండ నల్లగా ఉంటుంది, ఆవంలో కాలితే ఎర్రగా వస్తుంది. ఆ రంగు పాకజం, అంటే పాకం వల్ల పుట్టింది. ఎట్లా పుట్టింది? వైశేషికులు ఏమంటారంటే, నిప్పు తగలగానే కుండ పరమాణువులుగా విడిపోతుంది, ఆ పరమాణువుల్లో ఎరుపు పుడుతుంది, అవి మళ్లీ చేరి కొత్త కుండ అవుతుంది, కంటికి కనపడనంత వేగంగా. అది పీలుపాకవాదం. నైయాయికులు ఒప్పుకోరు. ఆవంలో కుండ మీద కుండ పేర్చి ఉంది కదా, అడుగుకుండ విడిపోతే మీది కుండలు కూలిపోవా? కుండ కుండలాగే ఉంటుంది, సందుల్లో నిప్పు దూరి రంగు మారుస్తుంది. అది పిఠరపాకవాదం.

నాకు నైయాయికుల మాటే నచ్చింది, కుంపటి ముందు కూర్చునేవాడికి అదే కనపడుతుంది. కానీ ఇప్పటి శాస్త్రజ్ఞులు చెప్పేది వింటే ఇద్దరికీ చెరి సగం మార్కులు ఇయ్యాలి. రాయి విడిపోదు, దాని కట్టు కదలదు. మారేది లోపల రంగు తెచ్చే పరమాణువుల స్థితి. అంటే రూపం పిఠరం, రంగు పీలు. "ఏదైనా కానీ, కాల్చినంత మాత్రాన అది కుండ కాకుండా పోదు, బిందె అయిపోదు" అన్నాడాయన. అంటే కాల్చిన టాంజానైట్ టాంజానైటే, నీలం కాదు. ఆ మాటకొస్తే నీలాలను కూడా చాలావరకు 1600 డిగ్రీల పైన కాల్చే అంగట్లోకి తెస్తారు. నిప్పు తగలని రాయే కావాలనే వాళ్లు దానికి ఎన్నో రెట్లు ధర పెట్టుకోవాలి.

అసలు ప్రశ్న అప్పుడు అడిగినాను. "దీంట్లో శనైశ్చరుడు ఉంటాడా సామీ?"

ఆయన తొందరపడలేదు. మధ్వమతంలో భేదాలు ఐదు. జీవుడికీ ఈశ్వరుడికీ, జీవుడికీ జీవుడికీ, ఈశ్వరుడికీ జడానికీ, జీవుడికీ జడానికీ, జడానికీ జడానికీ. ఈ ఐదూ నిజమైనవే, భ్రమ కాదు. "రాయికీ రాయికీ మధ్య తేడా కూడా నిజం. అన్నీ నీలి రాళ్లే కదా అని ఎవడైనా అంటే వాడు మా దగ్గర చెల్లడు" అన్నాడు. రాయి జడం, తనంతట తాను ఏమీ చేయలేదు. ఏదైనా ఫలం వస్తే దానికి అభిమాని దేవత ఉండాలి, ఆ దేవత పైన హరి ఉండాలి.

"మరి ఆ దేవత ఈ ఆఫ్రికా రాయిలోకి రాడా?"

"ఆయన యాడికి రావాలో నువ్వూ నేనూ చెప్పలేం ఆచారీ. బిల్లులో ఏం రాయాలో మాత్రం చెప్పగలం."

మంత్రాలయంలో ఉన్న రాయి సంగతి ఆయన ఎత్తలేదు, నాకే గుర్తొచ్చింది. రాఘవేంద్రస్వామి 1671లో బృందావన ప్రవేశం చేసినప్పుడు మాధవరం దగ్గరి ఒక బండను తెప్పించి దాంతో బృందావనం చేయించమన్నాడనీ, ఆ బండ మీద రాముడు కూర్చున్నాడనీ చెప్పుకుంటాం. దానికి రంగు లేదు, మెరుపు లేదు, క్యారెట్ల లెక్క లేదు. గురువారం నాడు ఎన్ని వేల మంది దాని ముందు నిలబడతారో చూడండి. అయినా దాన్ని ఎవరూ నీలమని చెప్పలేదు, మాధవరం బండ అనే చెప్పినారు. దానికి పూజ ఆ పేరుతోనే జరుగుతోంది.

నాకు తేలింది ఇది. రాయి పనిచేస్తుందా లేదా అనేది ఒక ప్రశ్న. ఇది ఏ రాయి అనేది ఇంకో ప్రశ్న. మొదటిది కొన్నవాడి ప్రశ్న, వాడి భక్తి, వాడి భయం, వాడి ఇష్టం. రెండోది అమ్మినవాడిది, అది కాటా మీద తేలిపోయే ప్రశ్న. "నమ్మితే పనిచేస్తుంది" అనే మాటతో అంగడివాడు రెండోదాన్ని మొదటిదాని కొంగు చాటున దాచేస్తాడు. ఉపరత్నాలు పెట్టుకోవచ్చని జ్యోతిష్యులే చెబుతారు, కాబట్టి టాంజానైటని చెప్పి అమ్మినా కొనేవాళ్లు ఉంటారు. అబద్ధం చెప్పాల్సిన అవసరమే లేదు. ధరకోసం తప్ప.

ఇంత మాట్లాడే అర్హత నాకుందా అంటే సగమే ఉంది. ముప్పై ఏండ్లుగా ఎన్నో ఉంగరాలు పొదిగినాను. గిరాకీ చేతికిచ్చిన రాయి చూడగానే అనుమానం వచ్చిన రోజులు ఉన్నాయి. నోరు మెదపలేదు. వాళ్లు కొన్నది పెద్ద అంగట్లో, నాది మూరెడు కొట్టు, చెబితే నాకే అసూయ అంటారు. కూలి తీసుకున్నాను, పొదిగి ఇచ్చినాను. అందులో ఎన్ని నీలాలో, ఎన్ని కావో దేవుడికి తెలుసు. ఈసారి మిరపపొడి చూసినాక ఊరుకోలేకపోయినాను, అంతే. దాన్ని ధైర్యం అనను.

ఉంగరం ఆసామి మళ్లీ వచ్చినప్పుడు ముందు బిల్లు అడిగినాను. జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసినాడు. రెండేండ్లు భద్రంగా దాచుకున్న బిల్లు. దాంట్లో రాసింది "బ్లూ స్టోన్ రింగ్, ఒకటి". నీలమనే మాట నోటితో చెప్పినారు, చేత్తో రాయలేదు. ఆయనకు ఇంగ్లీషు రాదు. చదివి చెప్పినాను, కార్డు చూపించినాను, ఆయన కళ్లముందే ఇంకోసారి నీళ్లలో తూచినాను. నాలుగు క్యారెట్ల పైచిలుకు నీలమైతే ఒకటి దగ్గర ఆగాలి, చూడు, ఒకటీ పాయింట్ రెండు.

చాలాసేపు కాటా అంకెనే చూస్తా కూర్చున్నాడు. నేను ఏడుస్తాడనుకున్నాను, తిడతాడనుకున్నాను. అడిగింది వేరే. "పోయినేడు నా బిడ్డ కాన్పుకు కష్టమాయె. ఆదోని ఆసుపత్రిలో తల్లీబిడ్డా బతికినారు. అది ఎవరు చేసినట్టన్నా?"

"డాక్టరమ్మ చేసినట్టు."

"డాక్టరమ్మకూ మొక్కినా. దీనికీ మొక్కినా."

నాకు జవాబు లేదు. కాసేపటికి ఆయనే, "మరి రెండేండ్లు వానలు పడలేదు కదా, అది ఎవరు చేసినట్టు?" అన్నాడు. ఈసారి కొంచెం నవ్వు ఉంది ముఖంలో. శని ధర్మం చూసే దేవుడైతే, కోట్లున్నవాడు కాశ్మీరం నీలం కొని తప్పించుకోగలిగితే, అది ఏం ధర్మం అని నాకు చానా రోజుల నుంచి ఉన్న అనుమానం ఆయన ముందు పెట్టినాను. ఆయన ఒప్పుకోలేదు. "శని యాడికీ పోడన్నా. ఉంగరం గొడుగు లెక్క. వాన నిలబడదు, మన తల తడవదు, అంతే" అన్నాడు. గొడుగు చినిగిందని నేను చెబుతున్నాను, వాన పడుతుందో లేదో కాదు. ఆ తేడా ఆయనకు నాకంటే తొందరగా అర్థమైంది.

ఈ రాయి పుట్టిన మెరెలాని గనుల్లో 2008 మార్చిలో వరదనీళ్లు దూరి పదుల మంది చనిపోయినారని చెప్పినాను. 2020లో లైజర్ అనే ఒక చిన్న గనివాడికి రెండు రాళ్లు దొరికి, రెండూ కలిపి దాదాపు 15 కిలోలు, 774 కోట్ల టాంజానియా షిల్లింగులు వచ్చినాయని కూడా చెప్పినాను. ఒకే నేల, ఒకే రాయి. కొందర్ని ముంచింది, ఒకణ్ణి తేల్చింది. "మా జొన్నగిరి లెక్కనే" అన్నాడు. నిజమే. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాలు వెతుక్కుంటా ఎంతమంది గుడారాలు వేసుకుంటారో కర్నూలు జిల్లావాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఒకడికి దొరికిన కథ పేపర్లో పడుతుంది. దొరకనోళ్ల గురించి ఎవరు రాస్తారు?

ఆ జొన్నగిరి పక్కనే ఎర్రగుడి గుండ్ల మీద అశోకుడి శాసనాలు ఉన్నాయి. పద్నాలుగు పెద్ద శాసనాలూ అక్కడ చెక్కినారు. చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, మళ్లీ కుడి నుంచి ఎడమకు, మడక దున్నినట్టు ఉంటాయి. పెద్దవాటిలో తొమ్మిదోది నాకు ఇష్టం. జబ్బు చేస్తే, పెండ్లయితే, బిడ్డ పుడితే, ప్రయాణం కడితే జనం రకరకాల మంగళాలు చేస్తారు, చేసుకోనీ, కానీ వాటి ఫలం స్వల్పం అంటాడు రాజు. ఎక్కువ ఫలమిచ్చే మంగళం ధర్మమట. పనివాళ్లతో సరిగ్గా మెలగడం, పెద్దలను గౌరవించడం, ప్రాణుల పట్ల నిగ్రహం, దానం. రెండు వేల రెండు వందల ఏండ్లుగా ఆ మాట ఆ గుండు మీద ఉంది. దాని చుట్టూ నేలకు వంచిన తల ఎత్తకుండా మనం వజ్రాలు వెతుకుతున్నాం. అయినా ఆ రాజు చేసుకోవద్దని అనలేదు, ఆ ఒక్క సంగతి నాకు నచ్చుతుంది.

కొన్న అంగడికి పోతావా అని అడిగినాను. నోటిమాటకు సాక్ష్యం లేదు, రానూపోనూ చార్జీలు, రెండు దినాల కూలి. పోనన్నాడు. రాయి అమ్ముతావా అన్నాను. దానికీ తల ఊపలేదు. "మళ్లీ పొదుగన్నా. ఇప్పుడు దీని పేరు తెలిసింది కదా. పేరు తెలియకుండా మొక్కేదానికి తెలిసి మొక్కేది మేలు."

కొత్త పన్ను వేసినాను. అతుకు పెట్టేటప్పుడు రాయిని పక్కన ఉంచినాను, టాంజానైట్ ఒక్కసారిగా తగిలే వేడికి పగులుతుంది. మిరపకోతకు పోయేటప్పుడు తీసి దారానికి కట్టి మెడలో వేసుకోమని చెప్పినాను. బిల్లు తెలుగులో రాసిచ్చినాను: వెండి ఉంగరం, రాయి టాంజానైట్, 4.02 క్యారెట్లు. ఆయన దాన్ని ఆ ప్లాస్టిక్ కవరులోనే, పాత బిల్లు మీదనే పెట్టుకున్నాడు.

ఇది చదివినవాళ్లలో ఎవరి వేలికైనా నీలం ఉంటే ఒక మాట. ముందు బిల్లు తీసి చూడండి, దాంట్లో రాయి పేరు ఉందా, ఉత్త రంగు ఉందా. కొత్తగా కొనేవాళ్లు రాయి పేరూ బరువూ రాయించుకోకుండా, పరీక్ష కార్డు లేకుండా డబ్బు ఇయ్యొద్దండి. అనుమానం ఉంటే కోసిగికి రండి, నీళ్లలో తూచి చూపిస్తాను, దానికి కూలి తీసుకోను. రాయిని ఉంగరంలోంచి తీయించుకొని మాత్రం రండి. పొదిగిన రాయి తూకానికి రాదు.